ముప్పై రెండో మార్పు

మామగారు కంచం తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకోవడం వరసగా అది నాలుగో రోజు. గడియ మాత్రం పెట్టుకోలేదు. పెట్టుకుంటే కోపమొచ్చిందని ఒప్పుకున్నట్టవుతుంది. ముప్పై నాలుగేళ్లు పిల్లల్నీ మాస్టర్లనీ ఒక్క చూపుతో నడిపించిన హెడ్మాస్టరుకి ఆ తేడా తెలియకపోదు.

బల్ల దగ్గర మొగుడూ పెళ్లాం మిగిలారు. అతను ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు రాసుకొచ్చే ఉద్యోగి. ఏ గుమ్మం ముందూ రెండు నిమిషాలకి మించి నిలబడడు, ఎవరితోనూ మాట పెంచుకోడు. సొంత ఇంట్లోనూ అంతే. ఆవిడ సైన్సు టీచరు. మామగారు ఒకప్పుడు ఏలిన బళ్లోనే ఎనిమిదో తరగతికి పాఠాలు చెబుతుంది.

“రేపు పదకొండింటికేగా మీటింగు?” అన్నాడు అతను, కంచంలోకి చూస్తూ.

“ఊఁ.”

“ఏం చెబుదామనుకుంటున్నావు?”

“జరిగింది చెబుతాను.”

“జరిగింది అంటే?”

“మీ నాన్నగారు చేసింది.”

గదిలో చెంచా చప్పుడు ఆగిపోయింది. అతను తలుపు వైపు ఓసారి, పెళ్లాం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించమని చేత్తో సైగ చేశాడు. ఆమెకి ఒళ్లు మండింది. సోమవారం నుంచీ ఈ ఇంట్లో అందరి గొంతులూ తగ్గే ఉన్నాయి. ఇంకా ఎంత తగ్గించాలి?

జరిగింది చెప్పడానికి చిన్నదే. ఆమె తన తరగతి పిల్లల చేత ఒక వికీ రాయిస్తోంది. ఊళ్లో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడ కారిపోతున్నాయి అన్నది విషయం. పిల్లలంతా కలిసి కంప్యూటరులో రాసుకునే పుస్తకం లాంటిది అది. ఒకరు రాసింది ఇంకొకరు మార్చొచ్చు, పక్కనే ఉన్న చర్చ పేజీలో తగువులాడుకోవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చారో మాత్రం మార్పుల చిట్టాలో చెరగకుండా ఉండిపోతుంది. ఆ చిట్టాయే ఆమెకి ప్రాణం. పిల్ల తప్పు రాసిందా, రాయనివ్వండి. పక్కపిల్ల అడుగుతుంది, ఇద్దరూ పోట్లాడుకుంటారు, వాళ్లే దిద్దుకుంటారు, మీరు మాత్రం చెయ్యి పెట్టకండి. పన్నెండు బళ్ల టీచర్లు కలిసి నేర్చుకోవడానికి పెట్టుకున్న ఇంకో వికీలో ఏడాదిగా ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్న మాట అదే. ఆమెను చూసి ఆరు బళ్లలో పిల్లల వికీలు మొదలయ్యాయి.

పోయిన ఆదివారం ఆమె తన పిన్నిని చూడడానికి వెళ్లింది. ఇంట్లో కంప్యూటరు ఆమె పేరు మీద తెరిచే ఉంది. పొద్దుపోక గోళ్లు గిల్లుకుంటున్న మామగారికి పిల్లల రాతలు చదవడం రెండు నెలల క్రితం ఆమే నేర్పింది. చదవడం వరకే నేర్పింది. మార్చే మీట ఎక్కడుందో ఆయనే కనుక్కున్నాడు. టైపు మిషను మీద చెయ్యి తిరిగిన మనిషి. మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకి ముప్పై ఒక్క చోట్ల పిల్లల రాతలు కొట్టేసి, తనకి తెలిసిన సరైన జవాబులు రాసి పెట్టాడు. ముప్పై ఒక్క మార్పుల పక్కనా కోడలి పేరే పడింది.

సోమవారం లెక్కల మాస్టారు ఆ చిట్టా చూసి ఇప్పటి హెడ్మిస్ట్రెస్ పెద్దమేడానికి చూపించాడు. ఇంటికొచ్చి ఆమె అడిగింది ఒకే మాట: “ఎవరు ముట్టుకోమన్నారు మామయ్యా?” ఆ మాటకే ఈ నాలుగు రోజుల మౌనం.

“నువ్వే దిద్దానని చెబితే పోయేదేముంది?” అన్నాడు భర్త, దాదాపు గుసగుసగా. క్లాసు టీచరు పిల్లల రాతలు దిద్దితే నేరమా అని లాయరులా వాదించాడు. మహా అయితే మందలిస్తారన్నాడు. నాన్న పేరు బయటికొస్తే ఆ బడి గేటు ముందు నుంచి మళ్లీ నడవగలడా అని అడిగాడు.

“మందలించరండీ. మూసేస్తారు. పిల్లల వికీ మూసేసి, టీచర్ల వికీలోంచి నన్ను తీసేస్తారు. ఏడాదిగా అందరికీ చెయ్యొద్దని చెప్పిన పని నేనే చాటుగా చేశానని రాసుకుంటారు.”

“అబ్బా, ఒక వికీ పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. నాన్నని ఇంకోసారి తెచ్చుకోగలమా?”

అతను ఎప్పుడూ అంతే, ఎదుటివాళ్లకి జవాబు లేని మాట ఒకటి పడేసి బ్యాగు భుజానికి తగిలించుకుంటాడు. ఆ రోజూ అదే చేశాడు.

*

స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు ఆమెకి కుర్చీ జరిపి మరీ కూర్చోబెట్టాడు. ఏడాది కింద ఆయన టీచర్ల వికీలో భిన్నాల మీద పాఠం పెడితే, చివరి మూడు లెక్కలూ పిల్లల్నే తయారు చేయమంటే ఎలా ఉంటుందని ఆమె కింద రాసింది. అందులో అవమానమేముందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం ఆ మూడు లెక్కలూ కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

తనకేం కక్ష లేదన్నాడు. ఎవరో ఒకరు చూసేదే కదా, ముందు తన కంట పడిందన్నాడు. మిగతా బళ్ల నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయట, ఇదేమిటి మాస్టారూ, మాకు ఒకటి చెప్పి ఆవిడ ఇంకోటి చేస్తోందా అని. ఆయన వాళ్లకి ఏమీ చెప్పలేదట, రేపటిదాకా ఆగమన్నాడట. ఎంత జాలి!

మీటింగు అయ్యేదాకా వికీలో ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని పెద్దమేడం హుకుం. పాత రాతలు వెనక్కి తేవడం రెండు మీటల పని. ఆ రెండు మీటలూ నొక్కడానికి లేదు. ఇంట్లో పాస్‌వర్డు మార్చేద్దామని కూడా మూడుసార్లు అనుకుంది. మారిస్తే ముసలాయన మొహాన తలుపు వేసినట్టుంటుందని ఊరుకుంది.

తరగతిలో ఇంకో నరకం. రాయొద్దన్నారు కాబట్టి, కనీసం తర్వాత ఏం రాయాలో కాగితం మీద వేసుకోమంది. ఇరవై ఆరు మంది పిల్లలు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. మామూలుగా అయితే ఆ గదిలో చెవులు చిల్లులు పడతాయి. చివరికి ముందు వరసలో ఒకడు, పొగరుగా కాదు, మంచిగానే అన్నాడు: “మీరే చెప్పండి టీచర్, రాసుకుంటాం. ఎలాగూ మీరు మారుస్తారుగా.”

ఆమె సుద్దముక్క పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఏడాది పాటు పట్టుకుని లాగిన బండి ఒక్క ఆదివారంలో వెనక్కి జారిపోయింది.

గంట కొట్టాక ఒక పిల్ల మిగిలింది. దేనికైనా “ఎందుకు టీచర్?” అని అడగకుండా ఉండలేదు కాబట్టి స్టాఫ్‌రూములో ఆ పిల్లని సందేహాల పిల్ల అంటారు. నాలుగు రోజులుగా ఒక్క సందేహమూ అడగలేదు. ఇప్పుడు బల్ల అంచు గోటితో గీకుతూ నిలబడింది.

“టీచర్, మా ట్యాంకు పేజీ లేదు.”

“అందరి పేజీలూ మారాయమ్మా. రేపు సర్దుకుంటుంది.”

“మారలేదు టీచర్. లేదు.”

ఆమె కంప్యూటరు తెరిచి చిట్టా చూసింది. ముప్పై ఒక్క మార్పులనీ ఒక్క ముద్దగా చూసి ఏడ్చిందే తప్ప, ఒక్కొక్కటీ విప్పి చూడలేదు ఇన్నాళ్లూ. పదిహేడోది విప్పింది. దిద్దుబాటు కాదు. పేజీ మొత్తం ఖాళీ.

బడి వెనక ఉన్న నీళ్ల ట్యాంకు గురించిన పేజీ అది. అడుగున పగులు కింద సందేహాల పిల్లా, ఇంకో ఇద్దరూ ఐదు రోజులు బకెట్టు పెట్టి కొలిచారు. పదిహేను లీటర్ల బకెట్టు నలభై నిమిషాలకి నిండింది. రోజుకి ముప్పై ఆరు బకెట్లు, ఐదొందల నలభై లీటర్లు. కట్టిన మొదటి వేసవి నుంచీ ఇలాగే కారుతోందని వాచ్‌మన్ తాత చెప్పాడని కూడా రాశారు. ట్యాంకు నుదుటి మీద నాపరాతిలో ఒక పేరు చెక్కి ఉంది. ఆమె రోజూ ఆ పేరుకి టీ ఇస్తుంది.

“తప్పయితే చెప్పండి టీచర్,” అంది పిల్ల. “మళ్లీ కొలుస్తాం. ఈసారి పది రోజులు కొలుస్తాం.”

ఆ మాటకి బదులు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

*

సాయంత్రం మామగారు కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఆమె బ్యాగు కూడా దింపకుండా ఎదురుగా నిలబడింది. భర్త వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగాడు, ఎటు కావాలంటే అటు జారుకోవడానికి వీలుగా.

“మామయ్యా, ముప్పై చోట్ల దిద్దారు. ఒకచోట దిద్దలేదు. తీసేశారు.”

పేపరు కదల్లేదు. కళ్లద్దాల వెనక కళ్లు మాత్రం చదవడం మానేశాయి.

“పిల్లల తప్పు చూసి ఊరుకోలేకపోయారంటే నమ్మాను,” అంది ఆమె. “కోపమొచ్చింది కానీ నమ్మాను. ఇది తప్పు అయి తీశారా?”

“ఆ పిల్లకేం తెలుసు?” నాలుగు రోజుల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. “ఆ ట్యాంకు కట్టేనాటికి ఆ పిల్ల పుట్టలేదు. వాళ్లమ్మ నా దగ్గర అక్షరాలు దిద్దుతోంది.”

“బకెట్టుకి అదంతా తెలియక్కర్లేదు మామయ్యా.”

గుమ్మంలో భర్త “ఇక చాల్లే” అనబోయి మింగేశాడు.

మామగారు పేపరు మడిచాడు. నాలుగు మడతలు పెట్టాడు, ఐదోది పడక విప్పి మళ్లీ మడిచాడు. అప్పట్లో పిల్లలు దాహానికి వీధి చివరిదాకా పోయేవాళ్లని చెప్పాడు. సిమెంటు కోసం ఎన్ని గుమ్మాలెక్కాడో, ఇటుకలు తనూ ఎలా మోశాడో చెప్పాడు. ఇవన్నీ ఆ ఇంట్లో వందసార్లు విన్నవే. తర్వాత చెప్పింది మాత్రం ఎవరూ వినలేదు.

“మొదటి వేసవికే అడుగున చెమ్మ కనిపించింది. సర్దుకుంటుందన్నాడు మేస్త్రీ. అప్పటికే రాయి పెట్టేశారు, సభ అయిపోయింది. పగిలిందని ఎవరితో చెప్పను? చెమ్మేననుకున్నాను.”

“ఇన్నేళ్లూనా?”

ఆయన మళ్లీ పేపరు విప్పాడు. ఆమెకి జాలీ వచ్చింది, మంటా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి నోట్లోంచి మంటే ముందు బయటికొస్తుంది.

“మీరు అనుకున్నది అలాగే ఉంది మామయ్యా. ఆ పిల్ల మాత్రం తన లెక్కే తప్పనుకుంటోంది. మళ్లీ పది రోజులు బకెట్టు పెట్టి కొలుస్తుందట. మీరు బళ్లో ఉండగా ఇలాంటి పిల్ల దొరికితే ఏం చేసేవారు?”

“వెళ్లమ్మా,” అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. దానికే ఆమెకి భయమేసింది.

ఆ తర్వాత మొగుడూ పెళ్లాం మధ్య పెద్ద రగడే జరిగింది. పెద్దవాణ్ణి నిలబెట్టి ప్రశ్నలడుగుతావా అని అతను, నిలబడ్డది నేను, ఆయన కూర్చునే ఉన్నాడని ఆమె. మాటకి మాట పెరిగి, చివరికి ఎవరి దుప్పటి వాళ్లు కప్పుకుని అటో మొహం ఇటో మొహం పెట్టుకున్నారు.

*

శుక్రవారం పొద్దున మామగారు బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. భర్త మొహం చాటంత అయింది. తండ్రి ముందు కంచం పెట్టి, మంచినీళ్లు పోసి, మళ్లీ పోశాడు.

“ఎన్నింటికమ్మాయ్ మీటింగు?”

“పదకొండింటికి మామయ్యా.”

“నేను చెప్పాల్సింది చెప్పేశాను,” అన్నాడు ఆయన. “ఎక్కడ చెప్పాలో అక్కడ.”

ఆమె చెయ్యి గాలిలో ఆగింది. పెద్దమేడానికి ఫోను చేసి ఉంటాడు. ఇంకెక్కడ చెబుతాడు? పెద్దమేడం ఆయన దగ్గర చదువుకున్న మనిషేనాయె. అడగబోతే ఆయన తృప్తిగా తింటున్నాడు, ఆ మొహం చెడగొట్టబుద్ధి కాలేదు. అదే ఆమె చేసిన పొరపాటు. అడిగి ఉండాల్సింది.

బడికి నడిచినంతసేపూ అడుగు తేలిగ్గా పడింది.

పెద్దమేడం గదిలో బల్ల మీద కంప్యూటరు తెర అందరికీ కనబడేటట్టు తిప్పి ఉంది. వెనక గోడకి పాత హెడ్మాస్టర్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. మూడోది మామగారిది, నల్ల జుట్టుతో. లెక్కల మాస్టారు ముందే వచ్చి పెన్నూ కాగితం సర్దుకుని కూర్చున్నాడు.

“మీ మీద నాకు గౌరవం ఉంది టీచర్,” అంది పెద్దమేడం. “అందుకే ఇన్నాళ్లూ మిమ్మల్ని ఏమీ అడగలేదు. ముట్టుకోవద్దని ఒక్క మాట చెప్పాను. అది కూడా మీరు వినలేదు.”

“నేనేమీ ముట్టుకోలేదు మేడం.”

లెక్కల మాస్టారు తెర వైపు చూపించాడు. మార్పుల చిట్టాలో పైన కొత్త వరస ఒకటి చేరింది. ముప్పై రెండోది. ఆ రోజు పొద్దున ఐదూ నలభైకి, ఆమె పేరు మీద, ట్యాంకు పేజీ చర్చలో. పెద్దమేడం పైకి చదివింది.

“నీ లెక్క సరిగ్గానే ఉంది తల్లీ. మళ్లీ కొలవక్కర్లేదు. నీ పేజీ తీసేసింది నేనే. నా తప్పు కనబడుతుందని తీశాను. నన్ను క్షమించానని ఇక్కడ ఒక్క మాట రాయి.”

ఎక్కడ చెప్పాలో అక్కడ అంటే ఇక్కడ. జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పని మనిషి, ఒక ఎనిమిదో తరగతి పిల్లకి చెప్పాడు. చెప్పి, కింద పేరు పెట్టలేదు. పెట్టాలని ఆయనకి తట్టి ఉండదు. ఆయన గొంతు ఈ ఊళ్లో ఎవరికి తెలియదు?

“తీసేసింది నేనేనని మీరే రాశాక ఇంక అడిగేదేముంది?” అంటూ లెక్కల మాస్టారు తప్పు ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం ఆమె ముందుకి జరిపాడు. కింద సంతకానికి గీత గీసి ఉంది.

ఆమె పెన్ను అందుకుంది. కాదంటే ఆ ఐదు వాక్యాలూ ఎవరివో చెప్పాలి. చెబితే ఆ పిల్ల కోసం ఆయన రాసుకున్నది, ఊరంతా చెప్పుకునే కబురైపోతుంది. చెప్పకపోతే వికీ పోతుంది. పట్టుకున్న పెన్ను బరువెక్కింది.

బల్ల మీద ఆమె ఫోను మోగింది. తెర మీద ఇంటి నంబరు.

“ఎత్తండి, ఫరవాలేదు,” అంది పెద్దమేడం విసుగ్గా.

“అమ్మాయ్, చూశారా?” గది నిశ్శబ్దంగా ఉంది. ఆ గొంతు మాస్టారి కుర్చీ దాకా వినిపించింది. “జవాబు రాసిందా ఆ పిల్ల?”

ఆమె కళ్లు మూసుకుంది. అబద్ధం చెప్పడానికీ నిజం చెప్పడానికీ ఇంక ఓపిక లేదు.

“మామయ్యా, ఇక్కడ పెద్దమేడంగారున్నారు. మీరే చెప్పండి.” స్పీకరు నొక్కి ఫోను బల్ల మధ్యలో పెట్టింది.

“ఏం చెప్పాలి? పొద్దున రాశాగా. పేరు పెట్టలేదనా? తీసినవాణ్ణి నేనేగా, పేరెందుకు?”

పెద్దమేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. లేచినట్టు తనకే తెలిసినట్టు లేదు. “నమస్కారం మాస్టారూ,” అంది చిన్నపిల్ల గొంతుతో. గోడ మీద మూడో ఫొటో వైపు చూసింది. తర్వాత లెక్కల మాస్టారి వైపు చూసింది. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

పెద్దమేడం చెయ్యి చాచి తెర ఆపేసింది. సంతకం చెయ్యాల్సిన కాగితాన్ని తనే రెండు ముక్కలు చేసింది.

“ఇది ఈ గది దాటకూడదు,” అంది గొంతు తగ్గించి. “మీ మీద ఏ మచ్చా ఉండదు టీచర్, పూచీ నాది. ఆ వికీ ఉంటే ఎప్పటికైనా ఎవరో ఒకరు చూస్తారు. మొత్తం తీసేద్దాం, చిట్టాతో సహా. ఇవాళే మూసేద్దాం.”

లెక్కల మాస్టారు తలూపాడు. ఐదు రోజులుగా ఏ మంచి పేరు కోసం ఆమె ఇంటా బయటా కొట్లాడిందో, ఆ పేరు అడక్కుండానే చేతిలో పడింది. ఇరవై ఆరు మంది పిల్లల రాతలు పోతున్నాయి. ఒద్దనడానికి నోరు తెరిచింది.

ఫోను ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు.

“మూసేయడమేమిటి?” అన్నాడు మామగారు అవతలి నుంచి. “మూసేస్తే ఆ పిల్ల నాకు జవాబు ఎక్కడ రాస్తుంది?”